రోలు కడిగిన నీళ్ళు

ఎండ ముంగిట్లోకి వచ్చేసరికే పొకువా ఇంట్లో రోకలి మోత మొదలైంది. ఉడికిన కర్రపెండలం దుంపలూ అరటికాయలూ రోట్లో వేసి ఫుఫు దంచుతుంటే ఆ చప్పుడు కుమాసిలో నాలుగు వీధుల అవతలికి వినిపిస్తుంది. పక్క గదుల్లో ఉండే ఆడవాళ్ళిద్దరు రోకళ్ళు పట్టారు. పొకువా రోటి పక్కన కూర్చుని, రోకలి లేచిన ప్రతిసారీ చెయ్యి పెట్టి ముద్ద తిప్పుతోంది. ఒక వాయి అయ్యాక ఇంకో వాయి. పెద్ద డేగిసాలో పామాయిలు తేలుతూ మేక మాంసం సూపు కుతకుతలాడుతోంది.

సముద్రం ఒడ్డున ఉన్న సెకొండి నుంచి ఎబో తరఫువాళ్ళు తలుపు తట్టడానికి, అంటే సంబంధం అడగడానికి, వస్తున్నది ఈ రోజే. ఎబో అంటే పొకువా కూతురు టివా మనసు పడ్డ కుర్రాడు. ఈ సంబంధం పొకువాకు సుతరామూ ఇష్టం లేదు. అయినా వంట మాత్రం పేటంతటికీ సరిపడా చేయిస్తోంది. కాదని చెప్పి పంపినా సరే, ఆకలితో పంపారన్న మాట ఆ ఫాంటీ తెగవాళ్ళ నోట రాకూడదు.

ఇంతకీ ఎబో చేసిన నేరం ఒక్కటే. అతను ప్లంబరు.

బజార్లో ఇరవై ఏళ్ళుగా పైపుల దుకాణం నడుపుతున్న మనిషికి ప్లంబర్ల గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. "దారిలో ఉన్నా ఆంటీ" అన్నాడంటే ఆ ప్లంబరు ఇంకా మంచం దిగలేదన్నమాట. "రేపు తప్పకుండా" అన్నాడంటే వచ్చే వారం కూడా అనుమానమే. పైపు కారితే పైపుది తప్పు, లేకపోతే అమ్మినవాళ్ళది తప్పు, అదీ కాకపోతే అంతకు ముందు పనిచేసినవాడిది తప్పు. తన తప్పని ఒప్పుకున్న ప్లంబరు పొకువా దుకాణం మెట్లు ఇంతవరకూ ఎక్కలేదు. అలాంటి జాతిలోకి కన్నకూతుర్ని ఎలా ఇస్తుంది? మాట మీద నిలబడనివాడి చేతిలో పడి టివా జీవితాంతం గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటుందేమోనని ఆమె భయం.

భర్త అజేయిది ఏ మాటకైనా తలూపే తత్వం. వాళ్ళ ఆనవాయితీ ప్రకారం ఆయన తన తల్లిగారింట్లోనే ఉంటాడు, రోజూ సాయంత్రం పొకువా వండి గిన్నెలు పంపుతుంది. సంబంధం సంగతి ఆ గిన్నెలతో పాటే వెళ్ళింది. సూపు జుర్రుకుంటూ "కుర్రాడు బాగానే ఉన్నాడుగా" అనేశాడు. అప్పటినుంచి రెండు రోజులు పొకువా ఆ సూపులో మాంసం వెయ్యలేదు.

వాయి దించి చేతులు కడుక్కుందామని వరండా చివరికి వెళ్తే, అక్కడ ముసలి తల్లి అఫ్రాకొమా పీట వేసుకుని సింకు కింద తల పెట్టి కూర్చుంది.

"ఏమ్మా, పొద్దున్నే అక్కడేం వెతుకుతున్నావ్?"

"గొంతు తడిగా ఉందో లేదో చూస్తున్నా. గొంతులో ఎప్పుడూ గుక్కెడు నీళ్ళు నిలవుండాలంట. లేకపోతే కడుపులో కంపంతా ఇంట్లోకి తన్నుకొస్తుందంట. ఎబో చెప్పాడు."

"దాన్ని గొంతు అనరమ్మా, ట్రాప్ అంటారు. ఇరవై ఏళ్ళుగా అమ్ముతున్నా."

"అది నీ దుకాణంలో. నా ఇంట్లో గొంతే."

ఈ సింకు వచ్చి వారమే అయింది. ముసలావిడకు మోకాళ్ళు పట్టేసి, ప్రతి గిన్నెడు నీళ్ళకూ ముంగిలి దాటి బయట మోరీ దాకా నడవడం కష్టమైపోయింది. టివా ఆ మాట అనడమే తడవు, ఎబో సంచీ తగిలించుకుని దిగాడు. వరండాలో సింకు పెట్టి, స్నానాలగదితో కలిపి, ముంగిలి మధ్యలో పైపులు కలిసేచోట మూత పెట్టిన తొట్టిలాంటి చాంబరు ఒకటి కట్టి, గోడ వెనక ఇంకుడు గుంతకు పైపు వేశాడు. పని జరిగినన్ని రోజులూ అఫ్రాకొమా పీట అతని పక్కనే. "ఇదేంటి?" అంటే "ఎల్బో అమ్మమ్మా", "అదేంటి?" అంటే "వెంట్ పైపు అమ్మమ్మా" అనేవాడు. ఫాంటీవాళ్ళకు అన్నంలోకి కూడా ఇంగ్లీషు కావాలని ఆవిడ విసుక్కుని, తనే పేర్లు పెట్టేసింది. సింకు కింద వంపు గొంతు. గోడమీదికి లేచిన పైపు ముక్కు. ముంగిట్లో చాంబరు నడుము. గోడ వెనక గుంత కడుపు. పని ముగిసేనాటికి ఎబో కూడా "అమ్మమ్మా, ముక్కు మూసెయ్యకు, ఊపిరాడదు" అంటూ అవే మాటలు మాట్లాడాడు. ఆ రోజుతో ముసలావిడ అతని పక్షం చేరిపోయింది.

వెళ్ళేముందు అతను పొకువాకు ఒక్కటే చెప్పాడు. "ఆంటీ, రోలు కడిగిన నీళ్ళు మాత్రం ఇందులో పొయ్యకండి. అవి మామూలుగానే బయట మోరీలో పొయ్యండి. ఆ జిగురూ సూపు జిడ్డూ కలిశాయంటే పైపులో సిమెంటు పోసినట్టే."

"పైపులమ్మేదానికి పైపుల గురించి చెబుతున్నావా బాబూ?" అంది పొకువా.

నిజానికి దుకాణంలో ప్రతి బేరగాడికీ ఆమె చెప్పేది అదే. తన మాట తనకే అప్పజెప్పేసరికి ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే మర్నాటినుంచి రోలు కడిగిన నీళ్ళన్నీ తిన్నగా సింకులోకి ఎత్తిపోసింది. పోసినవి పోసినట్టే దిగిపోతుంటే, "చూశావా, ఏమీ కాలేదు" అనుకుంది. ఇవాళ మూడు వాయిల నీళ్ళు, సూపు గిన్నె అడుగు జిడ్డుతో సహా, ఇప్పటికే పోసింది.

నాలుగో వాయి నీళ్ళు పోసేసరికి సింకు గుడగుడమంది.

"గొంతు గురక పెడుతోందే" అంది అఫ్రాకొమా.

పొకువా సమాధానం చెప్పేలోపే స్నానాలగదిలోంచి కేక వినిపించింది. పొకువా అన్న ఒబెంగ్ పొద్దున్నే వచ్చి స్నానానికి వెళ్ళాడు. వాళ్ళలో మేనకోడలి విషయంలో ఇంటి తరఫున మాట చెప్పాల్సింది తండ్రి కాదు, మేనమామ అయిన ఆయనే. నడుముకు తువ్వాలు, తలనిండా సబ్బు నురగతో ఆయన తలుపు తీసుకుని బయటికి దూకాడు.

"పొకువా! నీళ్ళు పోవట్లేదే! పైగా ఎవరివో కిందినుంచి పైకి వస్తున్నాయి! చీలమండలు మునిగిపోయాయి!"

టివా పరుగెత్తుకొచ్చింది. పక్క పేట బళ్ళో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే టివా ఇవాళ తెల్ల లేసు గౌను వేసుకుని, జుట్టు అల్లించుకుని పెళ్ళికూతురిలాగే ఉంది. స్నానాలగది నేలమీద తేలుతున్న బూడిద రంగు నీళ్ళు చూసి మొహం పాలిపోయింది.

పొకువా మొహం మాత్రం వెలిగిపోయింది. "చూసుకో! వారం తిరక్కుండానే! ఇదీ నీ ప్లంబరు గారి పనితనం. పైపులే ఇన్నాళ్ళుంటే మాటలెన్నాళ్ళుంటాయి?"

"అమ్మా, ఇప్పుడే మొదలెట్టకు. ఎబోకి ఫోన్ చేస్తా. వాళ్ళు ఊరి పొలిమేరల్లోకి వచ్చేశారు."

"చెయ్యి, చెయ్యి. 'దారిలో ఉన్నా' అంటాడు."

"నిజంగానే దారిలో ఉన్నాడమ్మా! పెద్దవాళ్ళని కార్లో ఎక్కించుకుని వస్తున్నాడు!"

"వచ్చి? సంబంధం అడగడానికి వచ్చినవాడి చేత మోరీ తీయిస్తావా? వాళ్ళు తెచ్చే మందు సీసాలు తీసుకుంటే ఒప్పుకున్నట్టే, ముట్టుకోకుండా తిరిగి పంపమని మీ మామయ్యకు ఎప్పుడో చెప్పా. ఏం అన్నయ్యా?"

ఒబెంగ్ కళ్ళల్లో పడుతున్న నురగ తుడుచుకుంటూ, "ముందు నాకు ఒక చెంబుడు నీళ్ళిప్పించండే" అన్నాడు.

టివా నిలువుగుడ్లు వేసుకుని తల్లిని చూసింది. "తిప్పి పంపమన్నావా? నాతో ఒక్క మాటైనా చెప్పకుండా?"

"చెబితే వింటావా? వాళ్ళ సంగతి నీకు తెలీదే. ఇరవై ఏళ్ళుగా ఒక్కొక్కడి అబద్ధాలూ విన్నదాన్ని నేను."

"ఆ అబద్ధాలు చెప్పినవాళ్ళలో ఎబో ఉన్నాడా? ఒక్కసారి? ఒక్కటంటే ఒక్కటి చెప్పు."

పొకువా మనసులో వెతుక్కుంది. అప్పు పెట్టి పోయినవాళ్ళూ, మాట తప్పినవాళ్ళూ, అరిచినవాళ్ళూ బోలెడంతమంది గుర్తొచ్చారు గానీ అందులో ఎబో లేడు. అది ఒప్పుకోవడం ఇష్టం లేక ఆమె గొంతు పెంచింది.

"అదుగో, ఆ నీళ్ళే చెబుతున్నాయిగా!"

టివా కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. "నువ్వు కాదంటే నేను పారిపోయి పెళ్ళి చేసుకోనమ్మా. అది నీకూ తెలుసు. అందుకే ఇంత ధైర్యం నీకు" అంది. మరి మాట్లాడకుండా గదిలోంచి పెద్ద చాప తెచ్చి, తడి ఊరుతున్న చాంబరు మూత మీద పరిచేసింది.

ఆ మాట పొకువాకు రోకటి పోటులా తగిలింది. అయినా పైకి తేలనివ్వకుండా, "ఇంకో వాయి ఉంది, దంచండి" అంటూ రోటి దగ్గరికి వెళ్ళిపోయింది.

కార్లు రెండూ చెప్పిన సమయానికే వచ్చి ఆగాయి. ఈ సంగతి పొకువా గమనించింది గానీ ఎవరితోనూ అనలేదు. ఫాంటీ పెద్దలు రంగురంగుల వస్త్రాలు భుజాలమీద వేసుకుని, కరచాలనాలు చేస్తూ కుడినుంచి ఎడమకు వరసగా వచ్చి కూర్చున్నారు. వాళ్ళకు ముందు నడిచిన పెద్దాయన ఎసిల్ఫీ, ఎబో మేనమామ. ఆయన బూట్లు అద్దంలా మెరుస్తున్నాయి. సరిగ్గా చాప పక్కన వేసిన కుర్చీ ఆయనకే దక్కింది. ఎబో చివరన తల దించుకుని కూర్చున్నాడు. ఈ రోజు అతను నోరు విప్పకూడదు, లేచి తిరక్కూడదు. మాటలన్నీ పెద్దవాళ్ళవే.

రెండు సీసాలు బల్లమీద పెట్టి ఎసిల్ఫీ గొంతు సవరించుకున్నారు. "సముద్రం ఒడ్డునుంచి వస్తున్నాం. దారిలో మీ గోడమీదుగా ఒక పువ్వు కనిపించింది. కోసుకుపోవడానికి రాలేదు. ఎవరిదో అడిగి తెలుసుకుందామని తలుపు తట్టాం."

"మా ఇంట్లో పూలు చాలా ఉన్నాయి" అన్నాడు ఒబెంగ్, ఆరిన సబ్బు ఇంకా చెవిలో ఉండగానే. "ఒకటి అక్కడ పీటమీద కూర్చుంది చూడండి, కావలిస్తే ఇప్పుడే ఇచ్చేస్తాం."

"నన్నిచ్చెయ్యి నాయనా, సముద్రం చూడలేదు" అంది అఫ్రాకొమా. ముంగిలంతా గొల్లుమంది.

సరిగ్గా అప్పుడే వరండాలో రోకళ్ళు ఆగాయి. దంచినావిడ అలవాటు ప్రకారం రోలు వంచి, చిక్కటి తెల్లనీళ్ళు గిన్నెలోకి పట్టి సింకులో బోర్లించింది. పొకువా చూసి చెయ్యెత్తబోయింది. అప్పటికే ఆలస్యమైంది.

చాప కిందినుంచి బుడగలు వచ్చాయి. ఆ వెంటనే చాప అంచు తేలింది. తెల్లటి నీరు నెమ్మదిగా పాకుతూ ఎసిల్ఫీ బూట్ల వైపు బయలుదేరింది. పెద్దాయన మళ్ళీ మాట అందుకుంటూనే ముందు కుడికాలు ఎత్తారు, తర్వాత ఎడమకాలూ ఎత్తారు. రెండు కాళ్ళూ గాల్లో పెట్టుకుని, "ఆ పువ్వు పేరు..." అని ఆగిపోయారు.

ఎబో అరిపాదాలు నేలమీద నిలవడం లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పిడికిళ్ళు బిగించి, చాంబరు వైపే చూస్తున్నాడు. కదిలితే మర్యాద తప్పినట్టు. కదలకపోతే నీళ్ళు మామయ్య బూట్లెక్కుతాయి.

"ఒరే ఎబో!" అంది అఫ్రాకొమా, కర్ర నేలకు తాటిస్తూ. "నడుం పట్టేసింది. చూస్తా కూర్చుంటావేంటి? ఈ ఇంటికి పెద్దదాన్ని నేను చెబుతున్నా, లే!"

ఎబో ఒబెంగ్ వైపు చూశాడు. ఒబెంగ్ తలూపాడు. ఆ తర్వాత ఎవరి అనుమతీ అక్కర్లేకుండా జరిగింది అంతా. బూట్లు విప్పాడు, భుజం మీది వస్త్రం మడిచి టివా చేతిలో పెట్టాడు, చాంబరు మూత పక్కకు లాగి మోకాళ్ళమీద కూర్చుని భుజం దాకా చెయ్యి దింపాడు. కాసేపటికి "పుచ్" మన్న చప్పుడుతో చెయ్యి బయటికొచ్చింది. చేతినిండా తెల్లగా, గట్టిగా, జిగురుగా ఒక ముద్ద. దాని చుట్టూ ఎర్రటి పామాయిలు పేరుకుని ఉంది.

కుమాసిలో పుట్టిన ఏ పసిపిల్లకైనా అదేంటో తెలుసు. ఎబోకూ తెలిసింది. అతను ఆ ముద్దను చూశాడు. తలెత్తి వరండాలో ఉన్న రోలును చూశాడు. చివరికి పొకువాను చూశాడు.

ఇక అయిపోయింది అనుకుంది పొకువా. ఇప్పుడు చెబుతాడు. ఎందుకు చెప్పడు? 'నేను ముందే చెప్పాను, ఆవిడే వినలేదు' అంటాడు. ప్లంబరన్నవాడు ఎవడైనా అదే అంటాడు, ఇక్కడ అది నిజం కూడా.

"ఏమిటబ్బాయ్ ఇది?" ఎసిల్ఫీ సిగ్గుతో మొహం ముడుచుకుని అడిగారు. "వారం కిందట నువ్వే వేశానన్నావ్ కదా ఈ పైపులు?"

"నేనే వేశాను మామయ్యా." ఎబో ముద్దను అరటాకులో చుట్టేసి కనపడకుండా పక్కన పెట్టాడు. "తప్పు నాదే. గుంత వైపు వాటం సరిగ్గా పెట్టలేదు. ఇంకాస్త దించాల్సింది. నీళ్ళు నిలబడిపోయాయి. పెద్దవాళ్ళు క్షమించాలి. మళ్ళీ తవ్వి సరిచేస్తాను."

టివా తలవంచుకుంది. "అయ్యో" అన్నారెవరో. ఎసిల్ఫీ సీసాల వైపు చూశారు, ఇక తీసుకుని వెళ్ళిపోదామన్నట్టు.

పొకువాకు తెలుసు. వాటం సరిగ్గానే ఉంది. పైపు పరిచేటప్పుడు ఒంటిగంట ఎండలో ఎబో నీటిమట్టం చూసే గొట్టం పెట్టి మూరమూరకూ చూసుకోవడం ఆమె కళ్ళతో చూసింది. ఇంతమంది ముందు, తన పెద్దల ముందు, తను కోరుకున్న పిల్ల ముందు, చేయని తప్పు నెత్తినేసుకున్నాడు. ఎవరికోసం? తనను అల్లుడిగా గుమ్మం తొక్కనివ్వకూడదని కంకణం కట్టుకున్న ఆడదాని కోసం. ఇన్నేళ్ళలో ఒక్క ప్లంబరు నోటినుంచీ వినని మాట ఇవాళ తన ముంగిట్లో విన్నది. అది విని కూడా నోరు మూసుకుంటే తను ఆ ప్లంబర్లందరికన్నా అన్యాయం.

ఆమె మెట్లు దిగింది. నడుముకు చుట్టుకున్న కొత్త చీటీగుడ్డ మోకాళ్ళపైకి ఎగదోపి, తెల్లనీళ్ళలోనే ఎబో పక్కన చతికిలబడింది.

"లే, పక్కకు జరుగు."

"ఆంటీ, మీరెందుకు..."

"జరగమన్నానా?" ఆమె చాంబరులో చెయ్యి పెట్టి ఇంకో ముద్ద లాగింది. దాన్ని అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకుంది. "చూడండి పెద్దలూ. ఇది ఫుఫు. వారంనుంచీ రోలు కడిగిన నీళ్ళన్నీ ఇందులో పోసింది నేను. పొయ్యద్దని ఈ అబ్బాయి చెప్పాడు. పైపులమ్మే నాకు నువ్వు చెప్పేదేంటని పంతానికి పోశాను. వాటం బంగారంలా ఉంది. వీడు అబద్ధమాడుతున్నాడు."

"అయితే మావాడు అబద్ధాలకోరా?" అన్నారు ఎసిల్ఫీ, నవ్వాలో వద్దో తెలియక.

"నా పరువు కోసం ఆడాడు బాబూ." పొకువా కళ్ళు తుడుచుకోవాలంటే రెండు చేతులూ ముద్దలే. భుజానికేసి మొహం రుద్దుకుంది. "నా కూతురి బతుకు మాట మీద నిలబడనివాడి పాలౌతుందని భయపడ్డాను. మాట మీద నిలబడనిది నేనేనని ఇప్పుడు తెలిసింది. దుకాణంలో అందరికీ చెప్పే మాట నా ఇంట్లో నేనే వినలేదు. టివా, నిన్ను ఏడిపించానే తల్లీ."

ఎబో తడిచేత్తో నుదురు తుడుచుకుంటూ, "ఆంటీ, ఇంకొంచెం లోపల ఉంది, మీ వైపునుంచి అందుతుంది" అన్నాడు మెల్లగా. పొకువా నవ్వేసింది. ఇద్దరూ కలిసి చేతులు దింపి లాగారు. చాంబరులో నీళ్ళు ఒక్కసారి సుడి తిరిగి, పెద్ద శబ్దంతో గోడ వెనక్కి దిగిపోయాయి. వరండాలో సింకు తేన్చినంత చప్పుడు చేసి ఊరుకుంది. వచ్చిన ఫాంటీలూ ఇంటివాళ్ళైన అశాంటీలూ కలిసి చప్పట్లు కొట్టారు. ఎసిల్ఫీ అప్పుడు కాళ్ళు కిందికి దించారు.

ఒబెంగ్ బల్లముందుకు కుర్చీ జరుపుకున్నాడు. ఇక ఇంటి తరఫున అడగాల్సింది ఆయనే.

"టివా, ఇలా రా. వీళ్ళు తెచ్చిన సీసాలు తీసుకోమంటావా? తీసుకుంటే రేపు తిరిగి ఇమ్మంటే ఇవ్వలేం, తాగేసుంటాం."

"తీసుకో మామయ్యా."

"రెండోసారి అడుగుతున్నా. తీసుకోనా?"

"తీసుకో మామయ్యా."

"ఇది మూడోసారి. తీసుకోనా?"

ఎబో తలెత్తి టివాను చూశాడు. టివా మాత్రం అతని వైపు చూడలేదు. మోకాళ్ళ దాకా తెల్లగా తడిసి, చాంబరు గట్టుమీద కూర్చున్న తల్లిని చూసింది.

"ఈసారి మా అమ్మని అడుగు మామయ్యా. ఆవిడ తీసుకోమంటేనే తీసుకో."

అందరూ పొకువా వైపు తిరిగారు. ఆమె లేచి నిలబడింది. ఫుఫు పట్టిన రెండు చేతులూ ముందుకు చాపి చూపించింది.

"నాకు చేతులు ఖాళీ లేవు అన్నయ్యా" అంది చివరికి, ఏడుపూ నవ్వూ కలగలిసి. "లేకపోతే నేనే తీసుకుని ఉండేదాన్ని. తొందరగా తీసుకో."

టివా తెల్ల లేసు గౌను సంగతి మర్చిపోయి వచ్చి ఆ చేతుల్లోకి దూరిపోయింది. వీపుమీద రెండు పెద్ద ముద్ద గుర్తులు పడ్డాయి. ఫొటోలన్నీ ఆ గుర్తులతోనే తీయించుకుంది.